అల అంటే అక్కడ రెక్క

పాండురంగాపురం మేడ మీద మూడో గదిలో
ఏసీ నీళ్ళు కారే చోట బకెట్టు పెట్టి
ఇటలీ వాళ్ళ పరిశోధనాపత్రం చదువుతున్నాను.
ముప్ఫై ఏళ్ళ నాటి జిరాక్సు.
పదిహేడో పేజీ మీద ఎవరిదో టీ గ్లాసు అడుగు మరక,
గుండ్రంగా, కొంచెం తెగి.

రాసినవాళ్ళ పేర్లు నోరు తిరగవు.
చేప పేరు మాత్రం మొదటిసారికే తిరిగింది:
అలలుంగా.

అలలుగా, అని చదివాను.
నిఘంటువు తీస్తే
అల అంటే వాళ్ళకు రెక్కట. లుంగా అంటే పొడుగు.
మా అయ్య ఉంటే పగలబడి నవ్వేవాడు.
మేం రెక్క సూర అనేది దీని దాయాదినే,
పసుపు రెక్కలది.
ఆ ఒడ్డునా ఈ ఒడ్డునా
తడి చేతులు ముందు తడిమింది రెక్కనే కాబోలు.

పత్రం ఏం చెబుతుందంటే
వీపు మీది మొదటి ముల్లు తీయాలి.
దాన్ని పలచటి బిళ్ళలుగా కోసి దీపం ముందు పెడితే
లోపల వలయాలు.
అక్కడ ఒక్కో వలయం ఒక్కో చలికాలం.
ఇక్కడి నీళ్ళకు చలి వేస్తుందా అన్నది
నాలుగేళ్ళుగా నా సిద్ధాంతవ్యాసం.

ఇంకొకటి.
చేప ముదిరేకొద్దీ ముల్లు నడుమ గుల్లబారుతుంది.
నెత్తురు నాళాలు మొలిచి
మొదటి వలయాలను తినేస్తాయి.
అందుకని, అంటారు వాళ్ళు, ఏ తొణుకూ లేకుండా,
పోయిన ఏళ్ళను అంచనా కట్టి కలుపుకోవాలి.

ఈ వాక్యం కింద పెన్సిలుతో గీశాను. రెండుసార్లు.

తెల్లారి నాలుగున్నరకి హార్బరు.
ఐసు మర రొద, డీజిలు కంపు,
అన్నిటి మీదుగా వేలం పాడే గురమ్మ గొంతు.
మా రేవుకి అలలుంగా రాదు.
వచ్చేది రెక్క సూర, నామాల సూర.
మైలపల్లి ఎల్లాజీ కత్తిమొన ఆనించి
కండ చిట్లకుండా ముల్లు ఊడదీస్తాడు.
చిట్లితే ఎగుమతి ఏజెంటు ధర కోస్తాడు మరి.

"ఏటి పాపా, దీని వొయిసు తెలిత్తే దీనికేటి లాభం?"
నాకు తెలీదు.
"నీ వయసెంత మావా?"
"పెద్ద గాలివానకి ముందేడు పుట్నానంట."
"ఏ గాలివాన?"
యారాడ కొండ వైపు చెయ్యి ఊపాడు,
అక్కడ రాసిపెట్టి ఉన్నట్టు.
"సెప్పినోలు పోనారు."

ఆ పత్రం చివర, పట్టికలన్నీ అయ్యాక,
చీమతలకాయంత అక్షరాల్లో
ఫలానా రేవు పడవలవాళ్ళకు కృతజ్ఞతలు.
చేపలు నాలుగు వందల పన్నెండు.
ఒక్కోదానికి నంబరు, పొడుగు, బరువు, ఆడో మగో.
పడవలవాళ్ళకు ఉత్త బహువచనం.

నా పత్రంలో నేను పేర్లు రాశాను.
మైలపల్లి ఎల్లాజీ, పేర్ల సత్తెయ్య,
వేలం గురమ్మ,
ఐసు పెట్టె అరువిచ్చిన తెడ్డు పరసన్న.
సంపాదకుడు జవాబిచ్చాడు, మర్యాదగానే:
స్థలాభావం. స్థానిక మత్స్యకారులు అంటే సరిపోతుంది.

అప్పుడు తట్టింది.
అక్కడ కూడా ఎవరో ఒకరు
టైపు మిషను ముందు రాత్రి పొద్దుపోయేదాకా కూచుని
ఒక్కో పేరూ స్పెల్లింగు అడిగి మరీ కొట్టి ఉంటారు.
ఆ తర్వాత ఒక ఉత్తరం వచ్చి ఉంటుంది.

నమూనాలకు ఏ గుర్తులు పెట్టాలన్నదానికి
పత్రికలో నియమం ఏదీ లేదు. వెతికాను.
పట్టిక మూడు, ఎడమ వరస:
ఎల్లా ఒకటి నుంచి ఎల్లా ముప్ఫై తొమ్మిది.
సత్తి పన్నెండు దాకా.
గుర నాలుగు, ఆవిడ వేలంలోంచి పక్కకు తీసి దాచినవి.
సంపాదకుడు ఏమీ అనలేదు.

బకెట్టు నిండింది. పారబోసి వచ్చి
ఎల్లా నలభైని దీపం ముందు పెట్టాను.
నడుమంతా ఖాళీ.
చుట్టూ ఐదు వలయాలు,
ఆరోది ఉన్నట్టూ లేనట్టూ.